కాఫీ తోట ఆయమ్మ, మా పిల్లల బడి

ఆయమ్మ పోయింది. ఆ కబురు అందినప్పుడు నేను కదిరి బస్టాండు ఎదురుగా మిఠాయి అంగడిలో నిలబడి ఉన్నాను. అంగడతను కిలో మైసూరుపాకు తూచి పొట్లం కడుతున్నాడు. ఆ పొట్లం ఆయమ్మకే. ముందు రోజు సాయంత్రమే మా అమ్మాయికి సర్కారు బడిలో టీచరుగా ఉత్తర్వు వచ్చింది. అదీ మా ఊరి బడికే. ఎవరూ కోరుకోని ఊరు కాబట్టి అడగ్గానే ఇచ్చారని మా అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు, ఏడ్చాను. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారగానే మొదటి బస్సెక్కి మిఠాయి కోసం కదిరికి పోయాను.

ఫోను మోగింది. ఆయమ్మ కొడుకు.

"అన్నా, యాడుండావు?"

"కదిరిలోనప్పా. మీ అమ్మ దగ్గరికే వస్తాండా. మిఠాయి తీసుకుంటాండా."

అతను మెల్లగా అన్నాడు. "తీసుకోనే రా అన్నా. అమ్మ పోయింది. పొద్దున గంజి తాగి గోడకు ఆనుకోని కూర్చుండె. అట్లనే పోయింది."

చావింటికి మిఠాయి పట్టుకుపోయిన మనిషిని మీరెవరైనా చూశారో లేదో నాకు తెలియదు. నేను పట్టుకుపోయాను. వాకిట్లో కూర్చున్న ముసలమ్మ ఒకామె "ఏమప్పా, నీకు తల ఉండాదా?" అని కసిరింది కూడా. కొడుకే లేచి వచ్చి నా చేతిలో పొట్లం తీసుకున్నాడు. "అమ్మకని తెచ్చినాడులేమ్మా. బడి పిల్లోల్లకు పంచుదాం. అమ్మ ఉన్నా అదే చేస్తాండె" అన్నాడు. ఆ మాటతో నా గుండెలోని బరువు సగం దిగింది.

నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. పుస్తకాల్లో రాసేంత చదువు కాదు నాది. కానీ ఆయమ్మ గురించి నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు? ఆమె కథలో తప్పు చేసినవాణ్ణి నేనే. ఆ తప్పు వల్లనే మా పిల్లలకు బడి వచ్చింది. అందుకని నాకు వచ్చినట్టు రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆ ఏడు వేసిన వేరుశనగ, మా మాటలో చెనక్కాయ, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. పీకితే కట్టెకు నాలుగు కాయలు, అవీ పప్పు లేని లొట్టలు. పశువులకు మేత కూడా లేదు. అప్పుడు మేస్త్రీ ఒకడు వచ్చి, కన్నడ దేశంలో కొండల మీద కాఫీ తోట ఉందని, దొరల తోట అని, కోత కాలం నాలుగు నెలలు పని ఉంటుందని చెప్పాడు. మా పల్లె నుంచి పదిహేను కుటుంబాలం లారీ ఎక్కాం. ఐదేళ్ళ మా అమ్మాయి నా భార్య ఒడిలో. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు పుట్టిన బిడ్డ, వదిలిపెట్టి పోయే ధైర్యం మాకు లేదు.

దొరల తోట అంటే పాత దొరలు కాదు. సముద్రాలకు అవతల ఏదో దేశంలోని కంపెనీ ఆ తోటను కొనుక్కుంది. ఆ దేశం పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

మొదటి రోజు మేము చేసిన ఘనకార్యం చెప్పాలి. నడుముకు సంచులు కట్టి, చెట్ల మధ్య వరసలు చూపించి, కోయండి అన్నారు. మాకు తెలిసిన కోత ఒకటే, చెనక్కాయ కట్టె నుంచి కాయలు దూసేది. కొమ్మ మొదట్లో పట్టుకుని చివరిదాకా సర్రున దూశాం. ఎర్రవి, పచ్చవి, ఆకులు, చిన్న మొగ్గలు, అన్నీ సంచిలోకే. మధ్యాహ్నానికే సంచులు నిండాయి. మాకంటే గట్టి కూలీలు ఎవరూ లేరని మీసాలు తిప్పుకుంటున్నాం. అప్పుడు రైటరు వచ్చాడు. తోటలో లెక్కలు రాసే గుమాస్తాను రైటరు అంటారు. కన్నడాయన. మా సంచులు చూసి అతను వేసిన కేక కొండకు అవతల కూడా వినిపించి ఉంటుంది. మాకు సగం అర్థమైంది, సగం కాలేదు.

ఆ కేక విని, పిల్లల గదిలోంచి ఒకామె చంకలో పసిబిడ్డతోనే పరుగున వచ్చింది. అదే నేను ఆయమ్మను మొదట చూడటం. కూలీల పసిపిల్లలను చూసుకునే గదికి ఆమే పెద్ద. రైటరుతో కన్నడంలో నాలుగు మాటలు చెప్పి చల్లబరిచి, మా వైపు తిరిగింది.

"యా ఊరు మీది?"

ఊరు చెప్పాను.

"అట్ల చెప్పు! మీ పక్క పల్లేనప్పా నాది. చూస్తానే అనుకుంటి, ఇంత బాగా దూసేది మనోల్లు తప్ప ఇంకెవరని." ఒక కొమ్మ వంచి చూపించింది. "చెనక్కాయంటే పీకితే అయిపాయ. ఇది అట్ల కాదు, వచ్చే ఏడూ కాయల్ల, ఆపై ఏడూ కాయల్ల. ఎర్రదాన్ని గిల్లు. పచ్చదాన్ని ఉండనీ. దానికి దాని దినం వస్తాది."

మా ఊరి యాస ఆ చలి కొండలో వినిపించగానే నా భార్య కళ్ళు తుడుచుకుంది.

ఆ తోట గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మా గదుల పైకప్పు కారేది. జలగలు పట్టేవి. పని కష్టమే. కానీ కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చేవి. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చునే మా ఆడవాళ్ళు ఆ కొళాయిని తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి చూసుకున్నారు. జ్వరం వస్తే మందులు ఇచ్చేవారు. పసిపిల్లలకు పొద్దున, సాయంత్రం పాలు పోసేవారు. పాలు తాగిన బిడ్డ చేతికి ఆయమ్మ ఎర్ర నూలు పోగు కట్టేది. ఎవరు తాగారో, ఎవరు తాగలేదో తెలియడానికి. అయినా ఆకలి ఎక్కువ ఉన్న బిడ్డలు పోగు తెంపుకుని మళ్ళీ వచ్చి నిలబడితే, తెలిసీ పోసేది. "తెంపుకోను తెలివి ఉండాదంటే తాగనీ" అనేది.

మాకు లేనిది ఒక్కటే. బడి. తోటలో ఏడాది పొడుగునా ఉండే కూలీల పిల్లలను కంపెనీ జీపు కింద ఊరిలోని కన్నడ బడికి తీసుకుపోయేది. మేము నాలుగు నెలల మనుషులం, మా పిల్లలకు ఆ జీపు లేదు. ఏటా కోతకు పోయి, ఉగాదికి ఊరికి తిరిగి వచ్చేసరికి ఇక్కడ మా ఊరి బడిలో పిల్లల పేర్లు కొట్టేసి ఉండేవారు. మళ్ళీ మొదటి నుంచి. మా అమ్మాయి అట్లా రెండేళ్ళు ఒకటో తరగతే చదివింది. మూడో ఏడు లారీ ఎక్కేటప్పుడు నన్ను అడిగింది.

"నాయనా, ఈసారి కూడా నేను ఒకటో తరగతేనా?"

తువాలు తీసి ఆ బిడ్డ తలకు చుట్టాను. లారీ కదిలింది.

పసిపిల్లలకే ఉద్దేశించిన ఆ గదిలోకి ఆయమ్మ మా పెద్ద పిల్లలను కూడా రానిచ్చేది. మధ్యాహ్నం పసివాళ్ళు నిద్రపోయాక, వీళ్ళను చుట్టూ కూర్చోబెట్టి "రాండి, బడి ఆడుకుందాం" అనేది. అది నిజంగా ఆటే. ఆమెకు చదువు రాదు. చిన్నప్పుడు ఎవరో నేర్పిన ఆరు అక్షరాలు వచ్చు, అ నుంచి ఊ దాకా. బొగ్గు ముక్కతో గోడ మీద రాసి పాడించేది. ఋ దగ్గరికి రాగానే ఆగిపోయేది. "ఈ అక్షరం చానా మెలికలు పడింది. దీన్ని మల్లా చూద్దాం" అనేది. రోజూ అదే మాట. పిల్లలకు ఆ మాట కూడా పాఠంలో భాగమైపోయింది.

ఆ మూడో ఏడు, కోత మధ్యలో, కంపెనీ దేశం నుంచి ఒక దొరమ్మ వస్తోందని తెలిసింది. తోట చూసి, కూలీలకు ఏమేమి కావాలో అడుగుతుందట. ముందు రోజు సాయంత్రం ఆయమ్మ నన్ను పిలిచింది.

"రేపు నువ్వు లేసి అడగల్ల. బడి అడుగు."

"నాకెందుకమ్మా, నువ్వే అడుగు. నీ మాట వింటారు."

"నేను జీతం తీసుకునేదాన్ని. నేనడిగితే పనిమనిషి గొణిగింది అనుకుంటారు. తండ్రి అడిగితే వేరేగా ఉంటాది. నీ బిడ్డ మూడేండ్లు ఒకటో తరగతి చదవల్లనా?"

ఆ మాట నాకు తగిలింది. రాత్రి అంతా సాధన చేశాను. తెలుగులో అడిగితే రైటరు మార్చి చెప్పాలి, ఎందుకు ఆ బాధ, కన్నడంలోనే అడుగుదామని నా పొగరు. మేము సరిహద్దు మనుషులం. డబ్బును వాళ్ళూ దుడ్లే అంటారు, మేమూ దుడ్లే అంటాం. బేకు అంటే కావాలి, సాలదు అంటే చాలదు. ఇంకేం కావాలి కన్నడం రావడానికి?

మరుసటి రోజు కాఫీ ఆరబోసే కళ్ళంలో అందరం కూర్చున్నాం. దొరమ్మ పొడుగు మనిషి, ఎండకు మొహం ఎర్రగా కందిపోయి ఉంది. మంచి మనిషి, కూలీల పక్కనే బండ మీద కూర్చుంది. రైటరు మా మాటలు ఆమెకు ఇంగ్లీషులో చెబుతున్నాడు. నేను లేచి, గొంతు సవరించుకుని, గట్టిగా అన్నాను.

"నమ్మ మక్కళిగె బడి బేకు! ఆయమ్మ దినా స్వల్ప కొడ్తారె. సాలదు!"

మా పిల్లలకు బడి కావాలి, ఆయమ్మ రోజూ కొంచెం ఇస్తోంది, అది చాలదు. నేను చెప్పింది ఇదే. మావాళ్ళందరూ చేతులు ఎత్తి "బేకు, బేకు!" అని అరిచారు. నా అంత మొనగాడు లేడనుకుని కూర్చున్నాను.

రైటరు మొహం నల్లబడింది. తటపటాయిస్తూ దొరమ్మకు చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. ఏదో పుస్తకంలో రాసుకుని లేచి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి పిల్లల గదిలో ఇంకొకామె కూర్చుని ఉంది. ఆయమ్మను గదికి రావద్దన్నారట. పిల్లలను కొడుతోందని ఫిర్యాదు వచ్చిందట. రేపు దొరమ్మ స్వయంగా విచారిస్తుంది, నిజమైతే ఉద్యోగం తీసేస్తారు, ఉండే గది కూడా ఖాళీ చేయాలి. ఫిర్యాదు చేసింది ఎవరంటే నేనట!

పని వదిలి ఆయమ్మ గదికి పరుగెత్తాను. ఆమె గుమ్మంలో కూర్చుని చేట నిండా రాగులు పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది. ఆమె భర్త మంచాన ఉన్నాడు, దగ్గు వినిపిస్తోంది. ఆ గది పోతే ఆయనను తీసుకుని ఎక్కడికి పోతుంది?

"అమ్మా, నా బిడ్డ మీద ఒట్టు. నేను అట్ల చెప్పలేదు."

"తెలుసు లేప్పా. నువ్వు ఏమన్నావో అన్నది అన్నట్ల చెప్పు."

చెప్పాను. కన్నడంలో, అదే గొంతుతో. ఆమె చేట కింద పెట్టింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

"ఓరి నీ కన్నడం కాలిపోను!" అంది, నవ్వు ఆపుకోలేక. "బడి అంటే వాల్లకు కొట్టేది! మా పిల్లోల్లను కొట్టల్ల, ఆయమ్మ దినామూ కొంచెమే కొడతాంది, అది సాలదు అని అడిగినావు. అందరూ చేతులు గూడ ఎత్తిరి!"

లోపల మంచం మీద ఆమె భర్త కూడా దగ్గుతూ నవ్వాడు. నేను మాత్రం తల బాదుకున్నాను. ఇప్పుడే బంగళాకు పోయి చెబుతానన్నాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు పోయి మాట మార్చితే, ఆయమ్మ భయపెట్టి మార్పించింది అంటారు. రైటరును గూడ తప్పు పడతారు, ఆయనా పిల్లలున్నోడే, విన్నది చెప్పినాడు. రేపు పిల్లోల్లనే అడగనీ. నేను కొట్టింటే వాల్లే చెప్తారు. కొట్టకుంటే వాల్లే చెప్తారు."

"నా వల్లే కదమ్మా ఇదంతా."

"నువ్వడిగింది తప్పు కాదప్పా. మాట దారి తప్పింది, అంతే. వస్తాది లే."

ఆమె ఆ రోజు పిల్లలకు ఒక్క ముక్క చెప్పి పంపలేదు. ఇట్లా అనండి, అట్లా అనండి అని నేర్పలేదు. ఆ స్థితిలో నేను ఉంటే నేర్పకుండా ఉండగలిగేవాణ్ణా? లేదు, కచ్చితంగా లేదు.

మరుసటి రోజు దొరమ్మ, మేనేజరు, రైటరు వచ్చారు. పిల్లలందరినీ గది ముందు నిలబెట్టారు. ఆయమ్మ దూరంగా అరుగు మీద కూర్చుంది. మేము కంచె బయట. రైటరు పిల్లల ముందు వంగి, మెత్తగా, కన్నడంలో అడిగాడు.

"ఆయమ్మ నిమ్మన్న బడీతారా?"

పిల్లలకు అందులో అర్థమైన మాట ఒక్కటే. బడి! మొహాలు వెలిగిపోయాయి.

"ఆ! బడి! దినామూ!"

నా పై ప్రాణం పైనే పోయింది.

రైటరు మేనేజరు వైపు చూశాడు. పిల్లలను వేలితో చూపిస్తూ మళ్ళీ అడిగాడు, ఎవరెవరిని అని. పిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు. "నన్ను! నన్ను గూడ!" అని. మా అమ్మాయి ముందుకు వచ్చి ఛాతీ విరిచి చెప్పింది. "నేనే ముందర!" ఎంత గర్వంగా చెప్పిందో!

దొరమ్మకు అది వింతగా తోచింది. దెబ్బలు తినే పిల్లలు ఇంత సంబరంగా చెబుతారా? ఆమె నేల మీద గొంతుక్కూర్చుని, చేతులతో సైగ చేసింది, ఎట్లానో నాకు చూపించండి అని. రైటరు తనకు వచ్చిన తెలుగులో "చూపించండి, బడి చూపించండి" అన్నాడు.

పిల్లలు తుర్రుమన్నారు. ఇద్దరు పోయి ఆయమ్మను కొంగు పట్టుకుని లాక్కొచ్చారు. గదిలో కూర్చోబెట్టారు. ఎవరి చోట వాళ్ళు వరసగా కూర్చున్నారు. మా అమ్మాయి బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద అ రాసింది. అందరూ పాడారు. ఆ. ఇ. ఈ. ఉ. ఊ. అక్కడ ఆగి, మా అమ్మాయి నడుము మీద చేయి పెట్టుకుని, అచ్చం ఆయమ్మ గొంతుతో, "ఈ అక్షరం చానా మెలికలు పడింది. దీన్ని మల్లా చూద్దాం" అంది.

రైటరు నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో దేవరే! బడి అంటే శాలెనా!" ఆ చప్పుడు కంచె బయట ఉన్న మాకు వినిపించింది; శాలె అంటే వాళ్ళకు మన బడి. దొరమ్మకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నవ్వి, నవ్వి, నేల మీద కూలబడిపోయింది. మేనేజరు నవ్వాడు. మేము కంచె దాటి లోపలికి వచ్చి నవ్వాం. రైటరు ఆయమ్మకు చేతులు జోడించాడు. ఆమె "లే సామీ, మావోడి కన్నడం అట్లాంటిది" అంది.

దొరమ్మ నవ్వు ఆపి గోడ వైపు చూసింది. ఆ ఆరు అక్షరాలూ ఎన్నిసార్లు రాసి తుడిచారో, గోడంతా నల్లగా ఉంది. ఆమె ఒక ప్రశ్న అడిగింది. రైటరు మాకు చెప్పాడు. ఈ ఆరింటి దగ్గరే ఎందుకు ఆగారు, తర్వాత అక్షరం ఏది?

ఆయమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతులో నవ్వు లేదు.

"నాకు ఆడికే వచ్చు తల్లీ. ఆ తర్వాతది చెప్పేవాల్లు కావల్ల. మొన్న మావోడు అడిగింది అదే."

ఈసారి రైటరు ఒక్కొక్క మాటే ఆచితూచి దొరమ్మకు చెప్పాడు.

పదిహేను రోజుల్లో పాత గోదాము ఖాళీ చేసి సున్నం కొట్టారు. మా వైపు నుంచే ఒక తెలుగు పంతులమ్మను పిలిపించారు. పిల్లలకు పుస్తకాలు, పలకలు కంపెనీవే. వాళ్ళు ఇచ్చింది గొప్పే, కాదనను. అంత దూర దేశం వాళ్ళు, మా యాస తెలియనివాళ్ళు, మా పిల్లల కోసం కాఫీ మూటలు బయటపెట్టి గోదాము ఇచ్చారు. కానీ బడి పెట్టినంత మాత్రాన అయిపోదని ఆయమ్మకే తెలుసు. కోత అయ్యాక పిల్లలు వచ్చిన రోజులన్నీ ఒక కాగితం మీద రాయించి, మేనేజరు ముద్ర వేయించి, మా చేతికి ఇచ్చింది. "ఇది మీ ఊరి హెడ్‌మాస్టరుకు ఇయ్యండి. పేరు కొట్టేసేదానికి లేదు" అంది. హెడ్‌మాస్టరు ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు. పేరు ఉంచాడు. ఆ ఏడు మా అమ్మాయి రెండో తరగతికి పోయింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం!

గోదాము బడిలో వెనక వరసలో ఆయమ్మ కూడా కూర్చునేది. ఋ నేర్చుకున్న రోజు పంతులమ్మను కాకుండా పిల్లలను మెచ్చుకుంది. "మీరు ముందు నేర్చుకోని నాకు ధైర్యం ఇచ్చినారు" అని. అంత కాఫీ తోటలో అన్నేళ్ళు ఉండి ఆమె ఒక్క గుక్క కాఫీ తాగలేదు. రాగి అంబలే. "ఇంత చేదును అంత దూరం మోసుకోనిపోయి తాగుతారంటే వాల్లకు ఏం కష్టమో పాపం" అనేది.

కొన్నేళ్ళకు ఆమె భర్త కాలం చేశాడు, ఊరికి తెచ్చి వాళ్ళ చేనిలోనే పూడ్చారు. ఆమెకూ పని విరమించే రోజు వచ్చింది. దొరమ్మ ఆ ఏడు మళ్ళీ వచ్చింది. వీడ్కోలు రోజు, ఇన్నేళ్ళు పనిచేసినందుకు నీకేం కావాలని అడిగింది. మేమంతా ఇల్లు అడుగుతుందని అనుకున్నాం. ఆయమ్మ అన్నది వేరే.

"ఈ బడి మూయల్ల."

రైటరు అది చెప్పకుండా ఆమె మొహం చూశాడు. మళ్ళీ మాట తప్పిపోతోందేమోనని అతనికి భయం.

"సరిగ్గానే విన్నావు సామీ, చెప్పు. పిల్లోల్లు మూటలు కాదు, యాడికి పోతే ఆడికి ఎత్తుకోని పోను. వాల్ల బడి వాల్ల ఊర్లోనే ఉండాది. అమ్మానాయినలు ఈడికి వచ్చినప్పుడు వాల్లకు ఆడ ఇంత అన్నం పెట్టి, పక్కన పండుకునేవాల్లు కావల్ల. ఆ పని నేను చేస్తా. రెండు గదులు కట్టియ్యండి, సాలు."

మేనేజరుకు కొంచెం కష్టంగానే తోచింది. ఆ బడిని చూపించడానికి వాళ్ళు ఎందరినో పిలుచుకొచ్చేవారు. తమ చేత్తో తాము పెట్టిన బడిని మూయమంటే ఎవరికైనా నొప్పే. కానీ దొరమ్మ తల ఊపింది. మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది కూడా. మా ఊరి బడి వెనకాల రెండు గదులు, వంటిల్లు, నీళ్ళ తొట్టి. వంటామెకు జీతం ఇప్పటికీ అక్కడి నుంచే వస్తుంది. మా నేల మీద ఆ తోట ఒక్క చెట్టు నాటలేదు. అయినా ఇక్కడ దాని పంట ఉంది, అని నేను ఊళ్ళో అందరికీ చెబుతుంటాను.

అక్కడ గోదాము బడికి పిల్లలు తగ్గిపోయారు. నాలుగేళ్ళకు ఒక్క బిడ్డ కూడా పోలేదు. రైటరు ఒకరోజు ఫోనులో ఫోటో పంపించాడు. గోదాములో మళ్ళీ కాఫీ మూటలు. ఆయమ్మ ఆ ఫోటోను ఊరంతా తిప్పి చూపించింది. బడి మూతపడినందుకు అంత సంబరపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పిల్లలు నిద్రపోయే ముందు ఆమె తలలు తాకుతూ లెక్క పెట్టేది. ప్రతిసారీ ఒకటి ఎక్కువే వచ్చేది. "నిన్ను నువ్వు లెక్కేసుకుంటాండావు అవ్వా" అని పిల్లలు నవ్వేవారు. "ఏం, నేను మాత్రం మనిషిని కాదా?" అనేది. తల్లిని తలచుకుని ఏడ్చే బిడ్డను ఏడవద్దని ఎప్పుడూ అనలేదు. పక్కన కూర్చుని, "ముందు నాలుగు ముద్దలు తిను. ఆపైన ఇద్దరం ఏడుద్దాం" అనేది. తిన్నాక ఏడుపు చాలావరకు మరిచిపోయేవారు.

మా అమ్మాయి ఆ గదుల్లోనే ఉండి ఏడో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత కదిరి, ఆపైన అనంతపురం. ఉత్తర్వు వచ్చిన సాయంత్రం మొదటి ఫోను ఆమెకే చేసింది. అవ్వ ఏమన్నదే అని అడిగాను. మా అమ్మాయి చెప్పింది: "మొదటి దినం పాఠం చెప్పొద్దు అన్నాది నాయనా. తిన్నారా, తల్లి యాడుండాది అని అడుగు, పాఠం యాడికీ పోదు అన్నాది." అదే వాళ్ళిద్దరి ఆఖరి మాట. ఆమె వినే పోయింది. నా బిడ్డ టీచరయిందని వినే పోయింది! ఆ సంతోషం నాకు మిగిలింది. అందుకే ఇది రాస్తూ ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియడం లేదు.

ఆమెను వాళ్ళ చేనిలో, భర్త పక్కనే పూడ్చాం. రైటరు రాలేకపోయాడు, ముసలివాడైపోయాడు. ఫోనులోనే ఏడ్చాడు.

నాలుగో రోజు పొద్దున మా ఊరి నుంచి కాఫీ కోతకు పోయే బస్సు బయలుదేరింది. ఈ ఏడు కూడా వానలు సరిగ్గా లేవు, ముప్పై మంది దాకా పోతున్నారు. అదే రోజు మా అమ్మాయి బడిలో చేరింది. బస్సు ఆగేది బడి ముందరే. ఇస్త్రీ చీర కట్టుకుని మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది; రాత్రి అవ్వ చోట పిల్లల పక్కన పండుకునేది కూడా ఇక తనే. తల్లులు పిల్లల తలలు దువ్వుతున్నారు, ముక్కులు తుడుస్తున్నారు, చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు. ఒకామె బస్సు ఎక్కి, దిగి, మళ్ళీ బిడ్డ దగ్గరికి పరుగెత్తి చొక్కా గుండీ సరిచేసింది.

"పో మా, బస్సు పోతాంది" అన్నాడు ఆ పిల్లవాడు విసుగ్గా.

డ్రైవరు హారన్ కొట్టాడు. అందరూ ఎక్కారు. ఒక్కరి ఒడిలోనూ బిడ్డ లేదు. బస్సు కదిలింది. ఎర్రమట్టి లేచింది. మలుపు దాకా తల్లులు కిటికీల్లోంచి మెడలు సాచి వెనక్కే చూస్తూ ఉన్నారు, ఒక్క చెయ్యి ఊపినా చాలునని. పిల్లలు అప్పటికే లోపల వరసగా కూర్చుని, కొత్త మేడమ్ అడుగుతున్నదానికి ఒకరిని మించి ఒకరు గట్టిగా జవాబులు చెబుతున్నారు.